మార్పు ఉంది, పెద్దవాడికి చెప్పాను

"ఇంకోసారి చదవనా అన్నయ్యా? వినపడిందా?" అంది చెల్లెలు.

రైటరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. భోజనాల బల్ల మీద గోధుమరంగు కవరు నోరు తెరుచుకుని పడి ఉంది. పక్కన నాలుగు కాగితాల వీలునామా. నాలుగింటి నిండా పరుచుకున్న గుండ్రటి రాత అతనిదే. ఊళ్ళో సగం ఇళ్ళ బీరువాల్లో దాగి ఉన్నదీ ఆ రాతే. దస్తావేజులు రాసి బతికే మనిషి, కన్నతండ్రి వీలునామా ఇంకొకరి చేత రాయిస్తాడా?

"చదివింది చాల్లేమ్మా," అన్నాడు బాబాయి పేపరు చాటు నుంచి. ఇంట్లో గొడవ మొదలైతే చాలు, ఆయన చేతిలోకి ఎక్కడినుంచో పేపరు వచ్చేస్తుంది. పొద్దున చదివేసిందైనా సరే, మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెడతాడు.

"చాలదు బాబాయ్. నా గురించి ఇంత చక్కగా రాశాక నాలుగుసార్లు చదువుకోవాలి." చెల్లెలు కళ్ళద్దాలు పైకి తోసుకుని మూడో కాగితం అందుకుంది. "'నా కుమార్తె వివాహమై, భర్తతో సుఖముగా కాపురము చేసుకొనుచున్నందునను, ఆమెకు ఏ విధమైన లోటును లేనందునను, నా తదనంతరము తల్లి వాడిన కుట్టుమిషను మాత్రము ఆమెకు చెందవలెను.' విన్నారుగా? ఇల్లూ, కింద షాపూ అన్నయ్యకి, నాకు కుట్టుమిషను. ఆ మనిషిని వదిలేసి నేనొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ కాగితంలో మాత్రం ఇంకా సుఖంగానే ఉన్నాను. ఆ కుట్టుమిషనేమో పాతసామాన్లవాడు మోసుకుపోయి ఏడేళ్ళు."

నవ్వింది. ఆ నవ్వు విని రైటరు భార్య వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది, చేతిలో మంచినీళ్ళ గ్లాసులతో.

రైటరు తల దించుకుని తన రాతనే చూస్తున్నాడు. 'భర్తతో సుఖముగా కాపురము చేసుకొనుచున్నందునను.' ఎంత ఇష్టంగా వాడేవాడు ఆ మాటను! కూతుళ్ళున్న ప్రతి తండ్రి వీలునామాలోనూ కళ్ళు మూసుకుని దించేసేవాడు. ఎవరి సుఖం ఏమైందో ఆ తర్వాత ఒక్కరింటికీ వెళ్ళి చూడలేదు. ఇవాళ మాత్రం తప్పించుకోవడానికి లేదు, చెల్లెలు ఎదురుగా కూర్చుని చదువుతోంది.

తండ్రి పోయి నెల దాటింది. "ఆ కాగితాల సంగతి నేను చూస్తాగా, నువ్వు కంగారుపడకు," అని రైటరు ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. కింద ఉన్న తండ్రి కళ్ళద్దాల షాపు లైసెన్సు గడువు దగ్గరపడింది. ఇంటి యజమాని ఎవరో చూపించే కాగితం తెమ్మన్నారు ఆఫీసువాళ్ళు. దాంతో చెల్లెలు పొద్దున్నే తండ్రి బీరువా తీసింది. తీసి, చదివి, అన్నకు ఫోను చేసి ఒకే ముక్క అంది: "వదినని కూడా తీసుకుని రా."

"అప్పటికది సరైందేనమ్మా," అన్నాడు బాబాయి. "పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నీ కాపురం బాగానే ఉంది. మీ నాన్నకి నీ మీద ప్రేమ లేక కాదు."

"ఆ సంగతి నాకు తెలుసు బాబాయ్. ఆయనతో తొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాను. అద్దం అరగదీయడం నా చెయ్యి పట్టుకుని నేర్పించారు. నేను అడిగేది ఆ పంతొమ్మిదేళ్ళ కిందటి మాట కాదు." కవరు తీసి, మూత వెనక్కి తిప్పి, అన్న ముందుకు జరిపింది. "దీని సంగతి."

రైటరు దాన్ని ముట్టుకోలేదు. అది ఉంటుందని అతనికి తెలుసు. నెల రోజులుగా అతను భయపడుతున్నది వీలునామాకు కాదు, ఆ మూతకే.

ఊళ్ళో మిగతా రైటర్లకు లేని పద్ధతి ఇతనిదొకటుంది. వీలునామా రాసిచ్చేటప్పుడు కవరు మూత లోపలివైపు స్కేలు పెట్టి గళ్ళు గీసిస్తాడు. చూసుకున్న తేదీ ఒక గడి, మార్పు ఉందా లేదా అన్నది ఇంకో గడి, పక్కన సంతకం. "ఏడాదికోసారి తీసి చదువుకోండి. ఇంట్లో ఒకరు పుట్టినా, పోయినా, కలిసినా, విడిపోయినా ఇది మారాలి. ఇది కళ్ళద్దం లాంటిదండీ, చూపు మారితే అద్దం మార్చాలి," అని చెప్పి పంపిస్తాడు. ఆ కళ్ళద్దం మాట తండ్రి దగ్గర కొట్టేసిందే. వచ్చినవాళ్ళు ముచ్చటపడేవారు. ఎంత జాగ్రత్త మనిషి, అనుకునేవారు.

ఆ గళ్ళు నింపినవాళ్ళు వందలో పదిమంది ఉంటే గొప్ప. ఒక్క ఏడాది కూడా తప్పకుండా నింపిన మనిషి మాత్రం ఒక్కడే, అతని తండ్రి. కొడుకు చెప్పాడు కదా మరి!

"చదువు," అంది చెల్లెలు.

"తర్వాత చూద్దాంలేవే..."

"నువ్వు చదువు అన్నయ్యా. నీ క్లయింట్లకి చదివి వినిపిస్తావుగా, అలాగే."

రైటరు కవరు దగ్గరికి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. చెల్లెలు కవరు వెనక్కి లాక్కుని తనే మొదలుపెట్టింది.

"మొదటి పదేళ్ళు, 'చదివాను, మార్పు లేదు.' ప్రతి ఏడాదీ షాపు తెరిచిన తారీఖే. తర్వాత నేనొచ్చేశాను. ఆ మూడేళ్ళూ 'ఆలోచించాలి' అని రాశారు. నేను మళ్ళీ వెళ్ళిపోతానేమో అనుకుని ఉంటారు పాపం. ఆ తర్వాత వినండి బాబాయ్. 'మార్పు ఉంది. పెద్దవాడికి చెప్పాను.' కింద సంతకం. తర్వాతేడు, 'మార్పు ఉంది. పెద్దవాడికి మళ్ళీ చెప్పాను.' తర్వాత, 'మార్పు ఉంది. చెప్పాను. ఎండలు తగ్గాక రాస్తానన్నాడు.' ఆపైన, 'నా కంటి ఆపరేషన్ అయ్యాక రాస్తానన్నాడు.' తర్వాత, 'ఈసారి గట్టిగా చెప్పాను.' ఇక పోయినేడాదిది..." ఆమె కవరు వెలుగువైపు తిప్పింది. "ఇందులో అక్షరాలు గీత దిగిపోయాయి. 'చెప్పాను' అని ఒక్క మాటే ఉంది."

బాబాయి పేపరు మెల్లగా కిందికి దిగింది.

రైటరు తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆరేళ్ళు! పరాయివాళ్ళు అర్ధగంట ముందు చెబితే రాసి పెట్టే చెయ్యి అది. ఆసుపత్రి మంచాల పక్కన కూర్చుని రాసింది, బస్సు కదలబోతుంటే స్టాండులో నిలబడి రాసింది. సొంత తండ్రికి మాత్రం ఎండలు అడ్డొచ్చాయి.

"ఒరే, ఏమిట్రా ఇది?" అన్నాడు బాబాయి. "అన్నయ్య ఇన్నిసార్లు అడిగాడా?"

"పనుల్లో పడి..." అన్నాడు రైటరు.

"బయట ఇంకెవరిచేతైనా రాయించుకోవచ్చుగా ఆయన!"

"నేనూ అదే అన్నాను బాబాయ్ ఓసారి, ఏ కాగితమో తెలియకుండానే," అంది చెల్లెలు. "ఏదో రాయించాలి, వీడికి తీరడం లేదు అని గొణుక్కుంటుంటే, ఎదురు సందులో ఇంకో రైటరున్నాడుగా నాన్నా అన్నాను. కోప్పడ్డారు. 'ఇంట్లో రైటరుండగా బయటికి వెళ్తే వాడి పరువేం కావాలే? రేపట్నుంచి వాడి మెట్లెవరెక్కుతారు?' అన్నారు."

ఆ మాట రైటరు ఇదివరకెన్నడూ వినలేదు. తన పరువు కోసం తండ్రి ఆగాడన్నమాట. నడిబజార్లో చెంప మీద కొట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

మొదటి ఏడాది నిజంగానే పనుల్లో పడ్డాడు, ఆ మాట అబద్ధం కాదు. రెండో ఏడాది ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని కూర్చున్నాడు కూడా. తండ్రి పేరు, వయసు, ఇంటి హద్దులు అన్నీ రాశాడు. 'పై యావత్తు ఇంటిని, కింది షాపుతో సహా, నా కుమార్తెకు' అన్నదాకా వచ్చి కలం ఆగింది. టీ తాగి వచ్చి రాద్దామని మూత పెట్టాడు. అలా పెట్టిన మూత మళ్ళీ తీయలేదు.

అతనికి ఇల్లు లేక కాదు. వెనక వీధిలో సొంత ఇల్లుంది, పిల్లలు స్థిరపడ్డారు. లేనిది ఒక్కటే, రోడ్డు మీదికి కనపడే ఆఫీసు. సందులో, ఇరుకు మెట్ల పైన ఉంటుంది అతని ఆఫీసు. వీలునామా రాయించుకునే వయసువాళ్ళు ఆ మెట్లెక్కి వచ్చి రొప్పుతూ కూర్చుంటారు. తండ్రి షాపేమో కూడలి మీద, బస్సు దిగితే ఎదురుగా. ఒక రోజు నడుస్తూ నడుస్తూ ఆ షాపు ముఖం ఎన్ని అడుగులుందో అడుగులు వేసి చూసుకున్నాడు. బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. భార్యతో కూడా అనలేదు. అనకపోతే ఆలోచించనట్టే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"సరే అన్నయ్యా. అయిందేదో అయింది." చెల్లెలు కవరు మూసింది. "నాకొకటే కావాలి. మార్పు ఉందని రాశారు, ఏమిటా మార్పో రాయలేదు. నీకు చెప్పానన్నారు. నాన్న ఏం చెప్పారు?"

కింద రోడ్డు మీద ఎవడో బండి స్టార్టు చేయలేక అవస్థ పడుతున్నాడు.

రైటరుకు అప్పుడు తట్టింది. తండ్రి మనసులో ఏముందో చెప్పగలిగే కాగితం ఈ ప్రపంచంలో ఏదీ లేదు. ఉన్నదల్లా తన నోరే. తను ఏదంటే అదే తండ్రి మాట.

"షాపు," అన్నాడు. "షాపు నీకు ఇమ్మన్నారు. కింద భాగం."

పైభాగం గురించి అతనేమీ అనలేదు. అనకపోవడం అబద్ధం కాదుగా, అని లోపల ఎవరో ప్లీడరు లేచి వాదించాడు.

టక్కుమని చప్పుడైంది. రైటరు భార్య గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"ఏవండీ," అంది. అంతే. ఇంకేమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేకపోయినా.

పోయినేడాది తండ్రి పదిరోజులు వీళ్ళింట్లో ఉన్నాడు, నడుం పట్టేసి. ఒక పూట కోడలు మందు ఇస్తుంటే ఆయన అడిగాడు: "అమ్మా, ఇల్లంతా చిన్నదాని పేర పెట్టమని వీడికి చెబుతున్నాను. పైనా కిందా అంతా. నీకేమీ కష్టంగా ఉండదు కదా?" ఆవిడ, "నాకెందుకుంటుంది మామయ్యగారూ? మాకు ఇల్లుంది. తనకి మీరు తప్ప ఎవరున్నారు?" అంది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు రైటరు అదే గదిలో, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. విననట్టు దువ్వుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆవిడ వింటుండగానే అబద్ధమాడాడు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆవిడ అతన్ని ఎన్నో అని ఉంటుంది గానీ, ఏమీ అనకుండా వెళ్ళిపోవడం ఇదే మొదలు.

"చూశావా మరి!" బాబాయి ముఖం విప్పారింది. "కింద నీకు, పైన వాడికి. చెరి సగం. మా అన్నయ్య ధర్మాత్ముడు. దీనికా ఇంత రాద్ధాంతం?"

చెల్లెలు కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తుడిచినా ఆమెకు ఏమీ కనబడుతున్నట్టు లేదు.

"షాపు నాకిమ్మన్నారా నాన్న? నిజంగానా అన్నయ్యా?"

"ఊఁ."

"నాతో ఒక్కసారి కూడా అనలేదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను షాపులో పనికొచ్చిన పిల్లనన్నట్టే ఉండేవారు. 'అద్దం సరిగ్గా పెట్టు, ఫ్రేము వంగింది' అని తిడుతూనే ఉండేవారు. నేను ఏదో దిక్కులేక వచ్చి పడ్డాను, భరిస్తున్నారు అనుకునేదాన్ని. ఆ మొదటి రెండేళ్ళూ మరీ. అన్నం తింటుంటే కూడా సిగ్గేసేది నాకు, తెలుసా?"

"ఊరుకోవే," అన్నాడు రైటరు.

"లేదు, చెప్పనీ. షాపు చాలు అన్నయ్యా. అదైనా వస్తుందని నేను అనుకోలేదు. పైన ఎవరుంటే ఏమిటి, అద్దెకిచ్చుకో, నేను షాపు వెనక గదిలో సర్దుకుంటాను. నాకొక్కదానికెంత చోటు కావాలి?" లేచి వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేసింది. "పొద్దుటినుంచీ నిన్ను ఎన్ని తిట్టుకున్నానో. నువ్వే కావాలని ఆపావు అనుకున్నాను. నా బుద్ధి అలా ఏడిచింది. థాంక్స్ అన్నయ్యా. నువ్వు కాబట్టి నోటి మాటని కూడా దాచకుండా చెప్పావు. ఇంకొకడైతే, కాగితంలో ఉన్నదే లెక్క అని దులుపుకుని పోయేవాడు."

రైటరు వీలునామా కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"వదినా! కోపంలో ఏదేదో అన్నాను, మనసులో పెట్టుకోకు," అని వంటింటివైపు కేకేసింది చెల్లెలు. కొళాయి చప్పుడు ఆగలేదు.

"ఇంకేం, శుభం. ఆలస్యం చేయకుండా ఇప్పుడే ఒక ముక్క రాసి పెట్టరా," అన్నాడు బాబాయి, జేబులోంచి కలం తీసి అందిస్తూ. "కింది భాగం చెల్లెలి పేర రిజిస్టరు చేయిస్తానని రాయి. నేను సాక్షి సంతకం పెడతాను. మళ్ళీ ఆరేళ్ళు పట్టకుండా." పెద్ద హాస్యమాడినట్టు తనే నవ్వుకున్నాడు.

రైటరు కలం పట్టుకున్నాడు. తెల్లకాగితం మీద తారీఖు వేశాడు. తన పేరు, తండ్రి పేరు. ఇంటి హద్దులు చూడకుండా రాయగలడు, ఇదివరకు ఓసారి రాసినవే. తూర్పున కూడలి రోడ్డు, పడమర సందు. 'పై ఇంటిలో కింది భాగము మాత్రము' అని రాయాలి. 'కింది' అని రాశాడు. చెల్లెలు భుజం మీదుగా వంగి చూస్తోంది, చిన్నప్పుడు అతని హోంవర్కు చూసినట్టు. ఎప్పుడూ ఏమీ అడగలేదు ఇది. ఇప్పుడు కూడా, తనదైనదాంట్లో సగం తనకిస్తుంటే థాంక్స్ చెబుతోంది.

కలం కింద పెట్టేశాడు.

"కింది భాగం కాదే," అన్నాడు.

"ఏమిటి?"

"నాన్న చెప్పింది కింది భాగం కాదు. మొత్తం. పైనా కిందా అంతా నీకే ఇమ్మన్నారు. మొదటిసారి చెప్పినప్పుడే, ఆరేళ్ళ కిందటే. మీ వదిన ముందు కూడా చెప్పారు."

వంటింట్లో కొళాయి ఆగిపోయింది.

చెల్లెలు చెయ్యి అతని భుజం మీదినుంచి జారింది. విసురుగా తీయలేదు, దానంతటదే జారింది.

"ఇందాక మరి..." అన్నాడు బాబాయి.

"ఇందాక అబద్ధం చెప్పాను."

"పనుల్లో పడి మర్చిపోయావా అన్నయ్యా? ఆరేళ్ళూ?" అంది చెల్లెలు. ఆ గొంతులో కోపం లేదు. అవునను, అంటే నమ్ముతాను అని బతిమాలినట్టుంది.

"మర్చిపోలేదు," అన్నాడు రైటరు. "షాపులో నా ఆఫీసు పెట్టుకుందామనుకున్నాను."

చెప్పేశాక తేలికవుతుందనుకున్నాడు. అవలేదు. ఆ మాట బయటికి వచ్చి ఆ గదిలో అందరికీ కనబడేలా నిలబడింది, ఇంతకుముందు తనొక్కడికే కనబడేది.

"బోర్డెక్కడ పెట్టాలో కూడా చూసుకున్నాను," అన్నాడు, అడగకపోయినా. "మొత్తం నీ పేర రాస్తాను. ఇప్పుడే రాస్తాను. రేపు పొద్దున్నే రిజిస్టరు చేయిస్తాను. ఇంకో కాగితం ఇలా ఇవ్వు."

కాగితం కోసం చాచిన అతని చేతిని చెల్లెలు చూసింది. అతను సగం రాసిన కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టింది.

"ఇందాక నీకు థాంక్స్ చెప్పాను నేను," అంది.

"నన్ను తిట్టవే. నాలుగు తిట్టు."

"ఇందాక సగం అన్నావు, ఏడ్చి మరీ నమ్మాను. ఇప్పుడు మొత్తం అంటున్నావు. నిజమే అయ్యుంటుంది. కానీ ఈ రెండిట్లో ఏది నాన్న మాటో, ఏది నీకు జాలేసి అన్నదో నేనెలా తేల్చుకోవాలి? వదినని అడగనా? ఇన్నేళ్ళు పక్కపక్క వీధుల్లో ఉండి, మా నాన్న నాకేం ఇచ్చారో మా వదినని అడిగి తెలుసుకోవాలా నేను?"

రైటరు భార్య గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అడుగమ్మా, చెబుతాను. పోయినేడాదే నేనే వచ్చి నీకు చెప్పుండాల్సింది. ఆయన రాస్తారులే అనుకున్నాను. తప్పు నాది కూడా."

"వద్దు వదినా. ఇప్పుడెవరు చెప్పినా అది నాన్న ఇచ్చినట్టు కాదు, మీరు పెట్టినట్టు." చెల్లెలు గోడ మేకుకున్న షాపు తాళాల గుత్తి తీసింది. తండ్రి చేతిలో అరిగి మెరుస్తున్న తాళాలవి. తెచ్చి వీలునామా మీద పెట్టింది.

"ఒసే, ఏమిటే ఇది?" అన్నాడు రైటరు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"కాగితం మీద ఇల్లు మీదే కదండీ." ఆమె నిటారుగా నిలబడింది, కౌంటరు వెనక కొత్త మనిషితో మాట్లాడేటప్పుడు నిలబడినట్టు. "చేతిలో పదిహేడు మంది కళ్ళద్దాలున్నాయి రైటరు గారూ. అందులో ఇద్దరికి అవి లేకపోతే ఇల్లు దాటడానికి లేదు. వాళ్ళ పని ముగించి ఇచ్చేయాలి, మిషన్లు విప్పించుకోవాలి. ఖాళీ చేయడానికి ఎన్ని రోజులు గడువిస్తారు?"

ఇళ్ళు ఖాళీ చేయించే నోటీసులు వందల్లో రాసిన మనిషి అతను. పదిహేను రోజులు, నెల, మూడు నెలలు అని ఎవరికెంత గడువో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఒక్క అంకె కూడా నోటికి రాలేదు.

చెల్లెలు కదల్లేదు. చేతులు కట్టుకుని, జవాబు కోసం నిలబడే ఉంది.